అన్న అయ్య అయినాడు

కోయిలకుంట్లకు నేను పోయింది చరిత్ర కోసం కాదు. మా జేజినాయన కొన్న చేను కాగితాల్లో ఆయన పేరు చివర ‘న్న’ పోయి ‘య్య’ వచ్చింది. ఎవరు రాశారో, ఏ చేతి పొరపాటో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ఆ నల్లరేగట్లో శనగలు పండించుకుని తిన్నాం, ఆ అక్షరం మమ్మల్ని ఏమీ అనలేదు. మా చిన్నాయన పంట అప్పుకు పోయిన రోజున మాత్రం లేచి అడ్డం నిలబడింది. “ఈ అయ్య ఎవరు? మీ నాయనేనని రుజువేంది?” అని అడిగినారంట.

రేకుల పందిరి కింద దస్తావేజు లేఖరి కాగితం తిప్పి తిప్పి చూశాడు. “సవరణ దస్తావేజు రాయాల సార్. అమ్మినోళ్ళ వారసులు వచ్చి సంతకం పెట్టాల. ఎల్లుండి రాండి, కనుక్కోని చెప్తా” అన్నాడు. ఊరికే కూర్చోలేక ఆయన బల్ల మీదున్న నమూనా ఒకటి చదివాను. కొన్నవాళ్ళు ఆ భూమిని పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవచ్చునని ఉంది. ఈ కాలంలో ఇంకా ఈ మాటెందుకని అడిగాను.

“నేను పెట్టిన మాట గాదు సార్. మా నాయన రాసేవాడు. అంతకుముందు కరణాలు రాసేవాళ్ళు. తీసేస్తే కొనేటోడు ఒప్పుకోడు. చదువు రానోడు గూడా ఆ మాట ఉందా లేదా అని అడుగుతాడు.”

ఆ మాట పాత శాసనాల్లో చూసిన గుర్తు. రాజులు, దానాలు, సూర్యచంద్రులు ఉన్నంతకాలం అనే హామీలు. ఎల్లుండి దాకా చేసే పని లేదు. తెలుగులో మొదటిదని చెప్పే శాసనం రైలు దారిలోనే, కలమళ్ళలో ఉంది. పోదామనుకున్నాను.

పోయే ముందు సాయంత్రం జుర్రేరు వైపు నడిచాను. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసింది ఆ గట్టునే. ఈస్టిండియా కుంఫిణీ మీద ఆయన తిరుగుబాటు మొదలైంది కూడా ఒక కాగితం దగ్గరే. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాక మన్రో దొర వచ్చి చేను చేనుకూ కొలత వేయించి, రైతు రైతుకూ పన్ను రాయించాడు. పాళెగాళ్ళకు భూములు పోయి భరణాలు మిగిలాయి. నరసింహారెడ్డి కుటుంబానికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాత అయిన నొస్సం జయరామిరెడ్డి భరణం నరసింహారెడ్డికి రాకుండా ఆగిపోయింది. ఊళ్ళ కావలి కాసే కట్టుబడిదార్ల ఇనాములనూ సర్కారు వెనక్కి తీసుకుంది. ఆ భూముల మీద వాళ్ళ తాతల కాలం నుంచి అనుభవం ఉంది, అయితే దొరగారి పుస్తకంలో అనుభవానికి గడి లేదు. 1846 జులైలో వాళ్ళంతా నరసింహారెడ్డితో కలిసి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు.

ఉరి తర్వాత ఆయన తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా, అంటే 30 ఏళ్ళు, అది అక్కడే ఉంది. చదువు వచ్చినవాళ్ళకు గెజిట్లు, రిపోర్టులు ఉన్నాయి. రానివాళ్ళకు కుంఫిణీ రాసిన నోటీసు ఆ తల.

మా జేజికి అక్షరం ముక్క రాదు. వేలిముద్రే. కానీ రెడ్డి పాట మొదటి నుంచి కడదాకా వచ్చు. ఖజానా దగ్గర ఏం జరిగిందో, ఎవరు పట్టిచ్చినారో, రెడ్డి ఏ గుర్రమెక్కినాడో పాటలో అన్నీ ఉండేవి. తారీఖు ఒక్కటి ఉండేది కాదు. తారీఖులన్నీ దొరల కాగితాల్లో ఉన్నాయి. ఆ పాటలను తంగిరాల వెంకట సుబ్బారావు ఊరూరా తిరిగి సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’లో పెట్టకపోయి ఉంటే, మా జేజితోపాటే ఎన్ని పోయేవో. చిత్రమేమంటే ఆమె, ఏ కష్టం వచ్చినా “రాసిపెట్టినట్టు జరుగుతాది” అనేది. చదవలేని రాతను ఆమె నమ్మినంతగా నేను చదివిన ఏ రాతనూ నమ్మలేదు.

మరుసటి రోజు రైలెక్కాను. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల లైను. 2016లో రైళ్ళు నడిచేదాకా ఈ ఊళ్ళవాళ్ళు రైలు చూడాలంటే నంద్యాలకో ఎర్రగుంట్లకో పోవలసిందే. కిటికీలోంచి శనగచేలు, మధ్య మధ్య తెల్లగా, బూడిదరంగుగా బండలు తేలిన నేల. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి సున్నపురాయి పొర ఒకదానికి కోయిలకుంట్ల పేరే పెట్టారు. నాపరాయి పరిచిన ఇంట్లో పుట్టి, మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన నాకు రాయీ రాతా వేరు వేరని చిన్నప్పుడు తోచేది కాదు.

సంజామల దాటాక నొస్సం వచ్చింది. చిన్న స్టేషను. పక్క సీట్లో సద్దిమూట విప్పుకుంటున్న పెద్దాయన “యాడికి నాయనా?” అన్నాడు. కలమళ్ళకు, రాయి చూసేదానికి అన్నాను. “రాయికా?” అని ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూసి, జొన్నరొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టాడు. జాలి పడ్డాడేమో.

రాయి మాట వస్తే ఎర్రగుడి చెప్పకుండా ఉండలేను. మన పాత కర్నూలు జిల్లాలోనే పత్తికొండ పక్క ఉంది. అశోకుడి శాసనాలు, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అచ్చం మడక తోలినట్టు, సాలు చివర ఎద్దులను తిప్పి మళ్ళీ వెనక్కి. ఇంకో ముచ్చట. చక్రవర్తి మాటను భేరి కొట్టించి జనానికి చెప్పమని అధికారికి అందులో ఆజ్ఞ ఉంది. రాయి మీద చెక్కించినా చదివేదెవరని ఆయనకూ తెలుసు. ఎవరెవరికి బోధించాలో చెబుతూ ఏనుగులెక్కేవాళ్ళతో పాటు ‘కరణక’లనూ పేర్కొన్నాడు, అంటే రాయసం చేసేవాళ్ళు. అశోకుడి కాలం నుంచి 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలను రద్దు చేసేదాకా ఆ మాట ఈ నేల మీదే తిరిగింది. కరణాన్ని తీసేసిన రోజు మా ఊళ్ళో సంబరపడ్డారు. తర్వాత ఏ అడంగల్ ఎవరి దగ్గరుందో తెలియక అదే కరణం ఇంటికి పోయి బతిమాలుకున్నారు.

ఎర్రగుంట్లలో దిగి ఆటో పట్టుకున్నాను. థర్మల్ స్టేషను పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి, కలమళ్ళ దాని పక్కనే. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో రాయి ఉంది. ఆ మధ్య ఇది చెన్నై మ్యూజియానికి పోయిందని, అక్కడ కనపడడం లేదని పత్రికల్లో గోల జరిగింది. అది ఊరు దాటనే లేదు.

మొదటి చూపుకు ఏమీ కనపడదు. విరిగి, అరిగి, మామూలు బండలా ఉంటుంది. నేను పోయింది మిట్టమధ్యాహ్నం, ఎండ నిలువునా పడి గీతలన్నీ మింగేసింది. గుడి అరుగు మీద కూర్చున్న ఆయన “పొద్దు వాలనీ సామీ, అప్పుడు కనపడతాయి” అన్నాడు. ఆగాను. ఏటవాలు వెలుగు పడ్డాక ఒక్కొక్క అక్షరమే నీడ పట్టింది. ఒక ‘ర’, ఒక ‘న’ అనిపించేవి. మిగతావి నావల్ల కాలేదు. నీలకంఠ శాస్త్రి, వెంకటరామయ్యలు చదివి ప్రకటించిన పాఠం ఫోనులో పెట్టుకుని పోల్చుకున్నాను. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు, అంటే ఈ సీమ, ఏలుతుండగా అని ఉంది. చిఱుంబూరి రేవణ పేరు ఉంది. చివర, దీన్ని చెరిపినవాడికి పంచమహాపాతకాలు.

సుమారు 575 నాటిది. అంతకుముందు ఈ తెలుగు నేల మీద రాజు రాయించాలంటే ప్రాకృతమో సంస్కృతమో. తెలుగు ఇళ్ళలో, సంతల్లో, చేలల్లో ఉంది, రాయి మీద లేదు. రేనాటి చోళులు చిన్న రాజులు, చక్రవర్తులు కారు. భూమి ఎవరిదో, ఎవరి ఆజ్ఞతో ఇచ్చారో ఆ ఊరి రైతుకు వినిపించాలంటే వాడి మాటలోనే రాయాలని వాళ్ళకు తోచినట్టుంది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు మనం చూపించిన ఆధారాల్లో ఈ ఊరి రాయి ఒకటి. రేనాటి శాసనాల్లో ‘ఴ’ అని ఒక అక్షరం ఉండేది. చోఴులు చోడులు, చోళులు అయినారు, అక్షరం మాయమైంది. 2014లో కంప్యూటర్ల కోసం యూనికోడ్‌లో దాన్ని మళ్ళీ చేర్చారు. మా జేజినాయన ‘న్న’ కూడా అలా తిరిగి వస్తే బాగుండును.

శాసనం చివరి ఆ పాపం మాట మాత్రం నాకు తెగలేదు. రాత చెల్లాలంటే భయం ఉండాలి. అప్పుడు నరకం, ఇప్పుడు స్టాంపు పేపరు. చదవలేనివాడికి రెండూ ఒకటే, పక్కవాడు చదివి చెప్తే నమ్మడమే. కరణం చెప్తే నమ్మిన చేయి మా జేజిది. ఆమె ఏ కాగితాల మీద వేలు ఒత్తిందో ఈనాటికీ మాకు పూర్తిగా తెలియదు.

ఎల్లుండి మళ్ళీ కోయిలకుంట్ల రేకుల పందిరి కింద. అమ్మినవాళ్ళ వారసుల్లో ఒకరు బెంగళూరులో, ఇంకొకరు కువైట్‌లో ఉన్నారట. “వాళ్ళు రావాల సార్” అన్నాడు లేఖరి. చేను ఇంకా అయ్య పేరు మీదే ఉంది.

కలమళ్ళకు మీరు పోతే పొద్దున్నే పోండి, లేదా పొద్దు వాలాక. అక్షరాలు బాగా కనపడాలని సుద్దముక్క రుద్దకండి, ఫొటో కోసం నీళ్ళు చల్లకండి. వెలుగు ఏటవాలుగా పడేదాకా అరుగు మీద కాసేపు కూర్చోండి, చాలు.