గొంగడి, స్టీలు గిన్నె

సంక్రాంతి ముందు ఇల్లు దులపడమంటే నాకు పూనకం. కిందటేడు ఆ పూనకంలోనే మా అత్తగారి పాత గొంగడిని స్టీలు సామాన్లవాడికి వేసేసి, మూతతో సహా ఒక గిన్నె తీసుకున్నాను. ఆవిడ ఇల్లంతా వెతికి, సంగతి విని, "పోనీలేమ్మా, బొక్కలు పడిండేదే గదా" అన్నారు. ఆ రాత్రి ఆకలి లేదని పడుకున్నారు.

మొన్న సెలవులకి రాయచోటి వచ్చిన మా అమ్మాయి (బొమ్మలేసే చదువు చదువుతోంది లెండి) జోసెఫ్ బాయిస్ అనే జర్మను కళాకారుడి కథ మొదలుపెట్టింది. 1921లో పుట్టాడు. 1944లో యుద్ధవిమానం క్రిమియాలో కూలితే, అక్కడి తాతారులు ఒంటికి కొవ్వు రాసి, ఉన్ని కంబళిలో చుట్టి తనను బతికించారని చెప్పుకునేవాడట. నిజానికి జర్మను సైనికులే ఆస్పత్రికి చేర్చారని తర్వాత తేలింది. అయినా ఆ కొవ్వునీ, ఆ కంబళినీ ఆయన జన్మంతా వదల్లేదు. 1974లో న్యూయార్కులో కంబళి కప్పుకుని, తోడేలు జాతి కొయొటీతో మూడు రోజులు ఒకే గదిలో గడిపాడు. అదే కళట!

"మన పగటివేషగాళ్లే నయం, బియ్యం పెడితే వెళ్లిపోతారు" అన్నాను. అమ్మాయి మూతి ముడిచింది.

తర్వాతి ముక్కకి మాత్రం నవ్వాపుకోలేకపోయాను. పసితనంలో తనకి నీళ్లు పోసిన తొట్టికి ప్లాస్టర్లూ, గాజుగుడ్డా అతికించి ఆయన ప్రదర్శనకి పెట్టాడు. 1973లో లెవర్కూసెన్ మ్యూజియంలో ఒక పార్టీవాళ్ల విందు. గ్లాసులు కడగడానికి తొట్టి కావాల్సొచ్చి, ఇద్దరు ఆడవాళ్లు దాన్ని తళతళా తోమేశారు! ఆనక కోర్టు, నష్టపరిహారం. నా ఓటు ఆ ఇద్దరికే.

అత్తగారు నవ్వలేదు. "చిన్నప్పటి తొట్టి గదా పాపం" అన్నారు. తర్వాత మనవరాలితో, "మీ తాతదీ ఒక గొంగడి ఉండె. చెనిక్కాయ చేనికి కావిలి పోతే అదే కప్పుకుంటాండె. మీ నాయన పుట్టినప్పుడు వాన. దాంట్లోనే చుట్టి ఇంటికి తెచ్చిరి."

నాకు మాట రాలేదు. అమ్మాయి గబగబా చెట్ల కథలోకి దిగింది. 1982లో కాసెల్ ఊళ్లో బాయిస్ 7000 చెట్లు నాటించే పని మొదలుపెట్టాడు, ఒక్కో చెట్టు పక్కనా ఒక నల్లరాయి. 1986లో ఆయన పోయాడు. మరుసటేడు ఆఖరి మొక్కని కొడుకు నాటాడు.

"ఏడువేలే! నీళ్లెవరు పోసిరి?" అన్నారు అత్తగారు. రాయచోటి మనిషి కదా!

రాత్రి పప్పు ఆ కొత్త గిన్నెలోంచే వడ్డించాను. ఆవిడ మూత ఎత్తి చూసి, "గిన్నె బాగుందమ్మా" అన్నారు.