కాలు తగిలితే

ఫుట్‌బాల్ తోలుతో పుట్టింది. తోలు పని మాది. ఆట మటుకు మాది కాలేదు. ఈ మాట చెప్పడానికే రాస్తున్నా.

బందరు కాలవ కింద మాదో మాదిగపల్లె. ఊరి బళ్ళో బంతి కుట్లు ఊడినప్పుడల్లా డ్రిల్లు మేస్టారు మా అయ్యకి కబురు పెట్టేవాడు. అయ్య ఆరెతో పొడిచి, మైనం రాసిన దారంతో బిగించి కుట్టేవాడు. కూలి అడిగితే "బడి బంతికి డబ్బులేంట్రా?" అనేవాళ్ళు. అయ్య కుట్టిన బంతిని ఊరి పిల్లలు తన్నేవాళ్ళు. మేం గట్టుమీద నిలబడి చూసేవాళ్ళం. సాయంత్రమైతే ఆ గ్రౌండు ఊరిదే. మా ఆటంతా ఎండాకాలంలో, మినుము తీసేశాక నెర్రెలిచ్చిన మళ్ళలో. వరి మోళ్ళు గుచ్చుకుని అరికాళ్ళు రక్తాలు కారేవి. అట్టా నేర్చుకున్న ఆటతోనే కాలేజీ జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడాను.

గోలు కొట్టినప్పుడు భుజాలమీద మోశారు. మ్యాచి అయ్యాక ఒకళ్ళింటికి భోజనాలకి పిలిచి, నా విస్తరి మటుకు వసారాలో వేశారు. తొంభై నిమిషాలు తగిలిన వొళ్ళు తొంభై ఒకటో నిమిషంలో మైల అయింది.

1991లో మా డెల్టాలోనే, కృష్ణ అవతల చుండూరులో, సినిమాహాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలింది. ఆ గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పెరిగింది. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. గ్రౌండులో కాలు తగిలితే ఫౌలు, ఒక ఫ్రీకిక్కుతో సరి. ఊళ్ళో తగిలితే ప్రాణం.

తర్వాతి ఏడు నా మోకాలు పోయింది. వైద్యం చేయించే శక్తి అయ్యకి లేదు. ఆట ఆగింది. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ మా గడప తొక్కలేదు.

అప్పట్నుంచీ తులసీదాస్ బలరాం గురించి దొరికిందల్లా చదివాను. ఆయన్ని మా కులంలో కలుపుకోవాలని కాదు. లేనోడి కాలు ఎంత దూరం పోతుందో, ఆగాక ఏమవుతుందో ఆయన బతుకులో కనపడుద్ది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టేవాడి చేత మార్పించుకుని ఆడాడని చెప్తారు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ని కనిపెట్టి చేరదీశాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1960లో రోములో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ ఏడే అర్జున అవార్డు. మరుసటేడు ఊపిరితిత్తుల జబ్బు. ముప్పై నిండకుండానే పెద్ద ఆట ముగిసింది. తనతో కలిసి ముందువరసలో ఆడిన చునీ గోస్వామికీ, పి.కె. బెనర్జీకీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా బతికి, 2023 ఫిబ్రవరి 16న చనిపోయాడు.

ఒలింపిక్స్‌లో గోలు కొట్టినోడి గతే ఇది. మరి మన పల్లెల్లో ఆడి ఆగిపోయినోళ్ళ సంగతి? జలంధర్‌లో, మీరట్‌లో బంతికి ముప్పై రెండు ముక్కలు కలిపి కుట్టే చేతులు ఎక్కువగా దళితుల చేతులే. ఆ పేర్లు ఏ బంతి మీదా ఉండవు.

చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్రతి పల్లెలో ఒక పాత ఆటగాడు ఉన్నాడు. కూలికి పోతానో, ఆటో తోలుతానో ఉంటాడు. పోయి కూచోండి. ఏ ఏడు, ఏ జట్టు, ఎందుకు ఆగాడో అడిగి రాసుకోండి. మన చరిత్ర పతకాల పట్టీలో దొరకదు. సాయంత్రాలు బడి గ్రౌండులో పల్లె పిల్లలు కూడా ఆడేటట్టు పోట్లాడండి. బంతి కుట్టినోడి మనవడికి బంతి తన్నే చోటు కావాలి. ఆ చోటు ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.