చల్లదనం తెలియని చెంప

ఆనాడు ఫజ్ర్ నమాజుకు వజూ చేసుకుంటూ అమ్మీజాన్ ఆగిపోయారు. "ఎడమ చెంపకు నీళ్ళు తగలడం తెలుస్తోంది గాని చల్లదనం తెలియడం లేదు. చేతుల్లోనేమో కుడిచేతికి తెలియడం లేదు" అన్నారు. రాత్రి నుండి ఆమెకు ఎక్కిళ్ళు, కళ్ళు తిరగడం ఉన్నాయి. పైత్యమని సరిపెట్టుకున్నాము. నోరు వంకరపోలేదు, చేయి పడిపోలేదు. పైగా జబ్బయితే ముఖం, చేయి ఒకే వైపు మొద్దుబారాలి కదా, ఇది భ్రమేనని తీర్మానించుకున్నాము. సాయంత్రం మంచినీళ్ళు మింగుడుపడక పొలమారిన తరువాతే ఆసుపత్రికి బయలుదేరాము.

అక్కడి న్యూరాలజిస్టు ఆమె మాటను తోసిపుచ్చలేదు. దూదిని సన్నని పోగుగా చేసి, పక్కనుండి తెచ్చి కుడికంటి కార్నియాకు తాకించారు. రెండు కళ్ళూ టక్కున మూసుకున్నాయి. ఎడమకంటికి తాకించారు. ఏ రెప్పా కదలలేదు. స్పర్శ కబురును మోసేది అయిదవ కపాలనాడి, రెప్ప వాల్చేది ఏడవది. ఆ రెండింటినీ కలిపేది మెదడు కాండం. కుడివైపు తాకితే రెండు రెప్పలూ వాలాయి గనుక లోపం రెప్పల్లో లేదు. ఎడమకంటి కబురే దారిలో ఆగిపోతోంది. గడ్డంపై వేలుంచి చిన్న సుత్తితో తట్టగా దవడ మామూలుగానే కదిలింది. అంటే మెదడు కాండపు నడిమి భాగమైన పాన్స్ క్షేమమే. దెబ్బ దాని దిగువనున్న మెడుల్లాలో, ఎడమ పక్కన ఉండవచ్చునన్నారు. ఎమ్మారై స్కాన్ కూడా అదే చూపింది. రక్తం అందక అక్కడ కొంత భాగం దెబ్బతిన్నది.

ముఖపు నొప్పినీ, వేడి, చల్లదనాలనూ తెలిపే తంతువులు మెడుల్లాలో తమ వైపునే దిగుతాయి. శరీరం నుండి వచ్చేవి వెన్నుపాములోనే వైపు మారి పైకి చేరుతాయి. అందుకే ఒకే దెబ్బకు ముఖం ఎడమన, చేయి కుడిన చల్లదనాన్ని కోల్పోయాయి. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ 1895లోనే ఈ లక్షణాలను వివరించారట. మేము భ్రమకు ఆనవాలనుకున్నదే జబ్బుకు అసలైన ఆనవాలు!

అల్లాహ్ దయవల్ల అమ్మీజాన్ ఇప్పుడు తామే అన్నం తినగలుగుతున్నారు. ఎడమకంట దుమ్ము పడినా ఆమెకు తెలియదు గనుక రోజూ ఆ కన్ను ఎర్రబడిందేమో మేమే చూస్తాము. స్నానపు నీళ్ళ వేడిని ఆమె ఎడమచేతితోనే చూసుకుంటారు.

ఇంట్లో పెద్దవారు తమ ఒంటి సంగతి చెప్పినప్పుడు, అది మన లెక్కకు అందలేదని కొట్టిపారేయకూడదు. ఆ ఉదయం అమ్మీజాన్ ఉన్నదున్నట్టే చెప్పారు. మేమే ఒక పగలంతా పోగొట్టాము.