మా ఆవిడ మోకాలు

మా ఆవిడ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి ప్రదక్షిణాలు మొక్కుకుంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో మంగళవారం గుడి వాకిట్లోనే ఆగిపోయింది. కుడి మోకాలి చిప్ప మీద నిమ్మకాయంత వాపు!

"కీళ్ళవాతం" అని తీర్పు చెప్పేశాను. ఏడాదిగా మోకాళ్ళ నొప్పులతో మూలుగుతున్నవాణ్ణి, నాకు తెలియదూ?

డాక్టరుగారు నొక్కి చూసి, కీలు బాగానే ఉందన్నారు. ఎముకా చర్మమూ ఒరుసుకోకుండా మధ్యన పలచటి సంచులుంటాయట. ఒంట్లో అలాంటివి నూరుకు పైనే. పేరు బర్సా. మామూలుగా లోపల కాస్తంత జిగట నీరు. అదేపనిగా ఒత్తిడి పడితే ఆ సంచి రేగి, నీరు ఊరి ఉబ్బుతుంది. అదే బర్సైటిస్.

"మీరేం పని చేస్తారమ్మా?"

"పనేమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లో తడిగుడ్డ పెట్టేదెవరు?"

"నేనే. మోకాళ్ళ మీద వంగి."

"దీన్ని ఇంగ్లీషువాళ్ళు 'పనిమనిషి మోకాలు' అంటారమ్మా. పని లేనివాళ్ళకు రాదు" అన్నారాయన. ఆవిడతో అన్నా, చూపు మాత్రం నా మీదే.

వైద్యం పెద్దదేం కాదు. మోకాలు నేలకు ఆనించకూడదు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. వాపు తగ్గే మాత్రలున్నాయి గానీ, కడుపులో పుండో మూత్రపిండాల జబ్బో ఉన్నవాళ్ళు అడగకుండా మింగరాదు. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. ఎర్రగా వేడెక్కి జ్వరం తగిలితే మాత్రం చీము పట్టిందేమో చూడాలి. అప్పుడు సూదితో నీరు తీసి పరీక్షించి, యాంటీబయాటిక్స్ ఇస్తారు. అంతవరకూ ఆగకుండా వెంటనే రమ్మన్నారు.

ఔరంగజేబు కాలంలో గుడి పడగొట్టవచ్చినవాళ్ళకు 'మనసు గట్టి చేసుకో' అన్న మాట వినిపించిందనీ, ఆ 'కర్ మన్ ఘట్' అన్నదే ఊరిపేరైందనీ ఇక్కడ చెప్పుకుంటారు. మర్నాడు తడిగుడ్డ అందుకుంటూ నేనూ మనసు గట్టి చేసుకున్నాను. ఒక గది అయ్యేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి పొడుగు కర్ర ఉన్న మాపు కొనుక్కొచ్చాను. ఇన్నేళ్ళూ ఆ ఆలోచన ఎందుకు రాలేదా అంటే, వంగింది నేను కాదు గనుక.

నెల తిరిగేసరికి వాపు తీసింది. డాక్టరుగారు సరేనన్నాక మళ్ళీ గుడికి బయలుదేరింది. ఈసారి అడిగాను, మొక్కు దేనికని.

"మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాలని" అంది, చెప్పులు తొడుక్కుంటూ.

నేనేమీ అనలేదు. మాపు అందుకుని, రెండో గదిలోకి నడిచాను.