సమద్విబాహువు

ఈ త్రిభుజానికి మన యిరుగుపొరుగు భాషలన్నీ పేర్లు పెట్టుకొన్నవి. కన్నడిగులూ ఒడియావారూ మనలాగే సమద్విబాహు త్రిభుజమంటారు. మహారాష్ట్రులది సమద్విభుజ త్రికోణం. తమిళ బడిలో చదివే మా యింటి పిల్లలకు అది ఇరుసమపక్క ముక్కోణం. విన్నప్పుడు కొత్తగా ఉంటుంది గాని, ఇరువైపుల అన్నప్పటి ‘ఇరు’, ముక్కోణపు పోటీ అన్నప్పటి ‘ముక్కోణం’ మనకూ ఉన్నవే గదా! ఇంగ్లీషులో చదివేవాళ్ళు మాత్రం ఐసాసిలీస్ అని కంఠస్థం చేసి, అర్థమడిగితే తెల్లమొగం వేస్తారు. అది గ్రీకు మాట; సమానమైన కాళ్ళు గలదని అర్థం. మనవాళ్ళు బాహువులన్నారు, వాళ్ళు కాళ్ళన్నారు, అంతే తేడా.

ఈ పేరు మీదనే మా యింట ఒక తగవు వచ్చినది. సమద్విబాహు త్రిభుజం గీయమంటే మా మనుమరాలు మూడు భుజాలూ 5 సెంటీమీటర్లుగా గీసినది. మార్కు రాలేదు. “మూడు సమానమైతే అందులో రెండు సమానం కావా తాతా?” అని పిల్ల ప్రశ్న. వాళ్ళ నాన్న మేష్టారి పక్షం. ముసలివాళ్ళం మేమిద్దరం పిల్ల పక్షం.

నిజానికి ఇరుపక్షాలకూ ఆధారమున్నది. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతపు యూక్లిడు, రెండు భుజాలు మాత్రమే సమానమైనది సమద్విబాహువన్నాడు. 9వ శతాబ్దిలో కన్నడదేశాన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో సమ, ద్విసమ, విషమ అని త్రిభుజాలను మూడుగా విడదీసినాడు. దానినే మన పావులూరి మల్లన 11వ శతాబ్ది ప్రాంతంలో తెలుగు చేసినది. నేటి గణితజ్ఞులు మాత్రం ‘కనీసం రెండు’ సమానమైతే చాలునంటారు. ఆ లెక్కన సమబాహువు కూడా సమద్విబాహువే, దానిలో ఒక ప్రత్యేకమైన రకం. మాకు ఇదే బాగున్నది. సమాన భుజాలకు ఎదుటి కోణాలు సమానమని ఒకసారి రుజువైతే, సమబాహువుకు దానినే రెండుమార్లు వర్తింపజేసి మూడు కోణాలూ సమానమనీ, ఒక్కొక్కటి 60 డిగ్రీలనీ తేల్చవచ్చును. వేరే శ్రమ లేదు.

పుస్తకం ప్రక్కన పెట్టి పాత పెంకుటింటి వైపు చూడండి. ఇరువైపుల వాసాలు సమానమైన పొడవున వెన్ను దగ్గర కలుసుకొంటవి. వెన్ను కింద నిలిపిన నిట్రాట దూలానికి సరిగా నడుమ పడుతుంది. అదే నిట్రాట పైకోణాన్ని రెండు సమభాగాలు చేస్తుంది, దూలానికి లంబంగానూ ఉంటుంది. వాసాలు హెచ్చుతగ్గులైతే ఈ మూడు పనులూ ఒక్క గీతతో జరగవు. పూర్వం తాపీవాళ్ళు నేల మట్టం చూచుకొనే సాధనంలోనూ ఈ సంగతే ఉన్నది. సమానమైన రెండు కర్రలు పైన కలిపి, అడ్డంగా మూడవది బిగించి, కొననుంచి దారంతో గుండు వేలాడదీసేవారు. దారం అడ్డకర్ర నడిమి గుర్తును తాకితే నేల మట్టంగా ఉన్నట్లే.

కోణాలనుబట్టి చేసే విభజన ఇంకా తేలిక. భూమి మీది రెండు కోణాలూ సమానం గనుక, అవి 90కి చేరనే చేరవు; చేరితే ఆ రెండే 180 అయిపోయి పైదానికి ఏమీ మిగలదు. కనుక తీర్పంతా శీర్షకోణానిదే. అది 90కి తక్కువైతే అల్పకోణ త్రిభుజం, ఎక్కువైతే అధికకోణ త్రిభుజం, సరిగా 90 అయితే లంబకోణ త్రిభుజం. ఈ చివరిది పిల్లల కంపాసు పెట్టెలోనే ఉన్నది: 45, 45, 90 డిగ్రీల మూలమట్టం.

ఇంతకూ తగవు ఎట్లా తీరినదంటే, పాఠ్యపుస్తకం తెరిచి చూచితిమి. ‘రెండు భుజాలు సమానమైనది’ అని ఉన్నది. ‘మాత్రమే’ లేదు, ‘కనీసం’ లేదు! కోడలు నవ్వి వంటింట్లోకి పోయినది. పిల్ల పుస్తకం చంకన పెట్టుకొని మేష్టారిని అడిగి వస్తానన్నది. పోయేముందు మేమొక లెక్క ఇచ్చినాము: సమద్విబాహువులో ఒక కోణం 40 డిగ్రీలు, తక్కినవెంత? 70, 70 అని వెంటనే చెప్పి, గుమ్మం దాటి మళ్ళీ వెనుకకు వచ్చి, “40, 100 కూడా కావచ్చు తాతా” అన్నది.