లడ్డూ మోకాలి చందా

చందా వసూలు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. వినాయక చవితికి తలుపు తట్టే కుర్రాళ్ల ముఖాల్లో ఏ కోశానైనా మొహమాటం కనిపిస్తుందా? రసీదు పుస్తకం ముందు పెట్టి, ఎదురింటివాళ్లు ఎంత రాశారో వేలు పెట్టి చూపించి మరీ తీసుకెళ్తారు. గుడికి అడగొచ్చు, అన్నదానానికి అడగొచ్చు, దిక్కులేని శవానికీ అడగొచ్చు. కుక్క కాలికి అడగాలంటే మాత్రం నోరు పెగలదు.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే హిందీ టీచరుగారికి ఆ అవసరం పడింది. రిటైరై ఒక్కరే ఉంటున్నారు. తోడు లడ్డూ అనే లాబ్రడార్. పేరుకు తగ్గ ఆకారం. ప్రతి గుమ్మం ముందూ, ఆ ఇంటివాళ్లు తనకు జంతికలు బాకీ ఉన్నారన్నంత ధీమాగా నిలబడుతుంది. ఒకరోజు మెట్లు దిగుతూ కుయ్యిమంది. ఆ తర్వాత వెనక కాలు నేలకు ఆనించలేదు. డాక్టరు మోకాలు కదిపి చూసి, ఎక్స్‌రే తీయించి, లోపల లిగమెంటు తెగిందన్నాడు.

ఫుట్‌బాల్ ఆటగాళ్లను నెలల తరబడి మైదానానికి దూరం చేసేదీ ఈ దెబ్బే. చిన్న కుక్కలైతే విశ్రాంతి, మందులు, బరువు తగ్గించడం లాంటివాటితో కొంతవరకు నెట్టుకురావచ్చు. ముప్పై కిలోలు దాటిన లడ్డూకి ఆ దారి మీద డాక్టరుకు నమ్మకం లేదు. ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టడం కాదట. మోకాలి కింది ఎముక పైభాగాన్ని గుండ్రటి రంపంతో కోసి, కాస్త తిప్పి, ప్లేటు పెట్టి మరలు బిగిస్తారు. ఎముక మీది వాలు తగ్గాక లిగమెంటు లేకపోయినా ఆ ఎముక ముందుకు జారదు. బార్‌క్లే స్లోకమ్ అనే అమెరికా పశువైద్యుడి ఆలోచన ఇది. వినడానికి వడ్రంగం, చేయడానికి లెక్కల పరీక్ష.

ఎస్టిమేట్ లక్ష దాటింది. దోపిడీ అని అరవడం తేలికే గానీ, మత్తుమందు, ప్లేటు, రంపం, ఎముకలు కోయడం నేర్చిన చెయ్యి కుక్కకైనా కావాల్సిందే. తేడా అంతా ఆ డబ్బు ఎవరు కడతారన్న దగ్గరే. మనిషికి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఉద్యోగం ఉంటే బీమా ఉంది, 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకు పరిమితి కూడా పెట్టింది. కుక్కకు ఉన్నది యజమాని జేబొక్కటే. కుక్కలకూ బీమా పాలసీలు అమ్ముతున్నారు, నిజమే. కాకపోతే అవి కాలు బాగున్నప్పుడు తీసుకోవాల్సినవి.

“నా కుక్కకి నేను పెట్టుకోవాలి గానీ ఊరినెందుకండీ అడగడం?” అన్నారు టీచరుగారు. పెన్షన్‌లో దాచుకున్నది సగానికి సరిపోతుంది. స్కూలు ప్రహరీ గోడకి చందాలు పోగుచేసింది ఈవిడే. ఆ మాట గుర్తుచేస్తే, “అది పిల్లల కోసం” అన్నారు. ధర్మరాజు కుక్క కోసం స్వర్గం వద్దన్నాడని గొప్పగా చెప్పుకుంటాం. వదులుకోవడం ఏముంది, ఆయన సొంత వ్యవహారం. అదే కుక్క కోసం వాట్సాప్ గ్రూపులో నలుగురినీ డబ్బడగాల్సి వస్తే తెలిసేది.

చివరికి ఆవిడ తరఫున నేనే అడిగాను. ముందు కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకాయన, “ఆ డబ్బుతో నలుగురు పేద పిల్లలకి ఫీజు కట్టొచ్చు కదా” అని పెట్టాడు. ప్రశ్నలో తప్పు లేదు. అయితే పెళ్లి విందులో ఇరవై రకాలు వడ్డించినవాణ్ణి మనం అలా అడగం. వేలికి కొత్త ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ణీ అడగం. చేయి చాచినవాళ్లకే పేద పిల్లల్ని గుర్తుచేస్తాం. టీచరుగారు “కట్టొచ్చండీ” అని ఒక్క ముక్క జవాబిచ్చి ఊరుకున్నారు.

ఆ తర్వాత మొదలైంది. ఎంత ఇవ్వాలన్నదే పెద్ద చర్చ. ఒకావిడ అలవాటుగా వెయ్యినూటపదహార్లు పంపితే, ఇదేమన్నా పెళ్లి చదివింపులా అని వాళ్లాయన విసుక్కున్నాడు. అమెరికాలో ఉన్న పాత విద్యార్థి ఒకడు పెద్ద మొత్తమే పంపాడు, తప్పులతడక హిందీలో ఒక వాక్యం జతచేసి. డబ్బు తీసుకుని వాక్యం దిద్ది పంపారావిడ. అందరికంటే ఆశ్చర్యపరిచింది రెండో అంతస్తు ఆయన. కుక్కలను లిఫ్టులో ఎక్కించరాదని నోటీసు అంటించింది ఈయనే. ఐదు వేలు ఇచ్చాడు. ఎముక అతుక్కునేదాకా రెండు మూడు నెలలు మెట్లు ఎక్కకూడదని డాక్టరు చెప్పాడని తెలిసి, నోటీసు తానే పీకేశాడు.

మావాళ్లలో ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో పెడదామని, లడ్డూ కన్నీళ్లు పెట్టుకున్నట్టుండే ఫోటో కోసం తెగ ప్రయత్నించాడు. అది వాడి చేతిలో బిస్కెట్టు చూసి తోక ఊపుతూనే ఉంది. మంచిదే అయింది. ఏడిపించి రాబట్టిన డబ్బుకు లెక్క అడిగేవాడుండడు, అక్కడే మోసగాళ్లు దూరుతారు. మేం ఎస్టిమేట్ కాగితం ఫోటో పెట్టి, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టించి, బిల్లు లిఫ్టు పక్కన అంటించాం, ఆ పీకేసిన నోటీసు చోటే. మిగిలిన మూడు వేల చిల్లరను పంచి వెనక్కిచ్చేస్తానని ఆవిడ పట్టుబడితే, ఫిజియోథెరపీకి ఉంచమని అందరూ కలిసి కోప్పడ్డారు. ఇప్పుడు లడ్డూ నడుస్తోంది. బరువు తగ్గించే పథకం మాత్రం జంతికల దగ్గర ఆగిపోయింది.

ఇలాంటి ఖర్చు మీద పడితే మొదట దగ్గర్లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి. మాకు గన్నవరం, తెలంగాణవాళ్లకు రాజేంద్రనగర్, రాయలసీమకు తిరుపతి ఉన్నాయి. రెండో అభిప్రాయం ఊరికే పోదు. ఆ తర్వాత అడగాల్సి వస్తే అడగండి, సిగ్గుపడకండి.

రతన్ టాటా కూడా అడిగారు. ఒకప్పుడు ఆయన తన కుక్కకు కీలు మార్పిడి చేయించడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాకా తీసుకెళ్లారు. అప్పటికే ఆలస్యమైంది. కీలు మార్చలేక, కదలకుండా బిగించేశారని ఆయనే చెప్పారు. ముంబైలో టాటా ట్రస్టులు 165 కోట్లతో చిన్న జంతువుల ఆసుపత్రి కట్టడం వెనక ఆ అనుభవం ఉంది. 2024 జూన్‌లో అక్కడ చేరిన ఏడు నెలల కుక్కకు రక్తం అవసరమైంది. గోమార్ల వల్ల వచ్చిన జ్వరమని అనుమానం, రక్తహీనత ప్రాణం మీదికి తెచ్చింది. అంతటి ఆసుపత్రి కట్టించినా రక్తం మాత్రం కొనలేరు కదా. ఇన్‌స్టాగ్రామ్‌లో ముంబై జనాన్ని సాయం అడిగారు.

డబ్బు ఇవ్వలేనివాళ్లు చేయగలిగింది ఇదొకటుంది. మీ ఇంట్లో ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసుండి, పాతిక కిలోలకు తగ్గకుండా, టీకాలన్నీ పడిన ఆరోగ్యమైన కుక్క ఉంటే, రక్తదాతగా పనికొస్తుందేమో మీ పశువుల డాక్టర్ని అడిగి, పనికొస్తే పేరు రాయించండి.