సూరత్‌లో షష్టిపూర్తి

అరవై ఏళ్ళు నిండడమంటే మన పెద్దల లెక్కలో ఒక చక్రం పూర్తి కావడం. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే వరుసలో తాను పుట్టిన సంవత్సరం పేరు మనిషికి సాధారణంగా ఒక్కసారే తిరిగి వినిపిస్తుంది. బృహస్పతి రాశిచక్రాన్ని సుమారు 12 ఏళ్ళకు, శని సుమారు 30 ఏళ్ళకు చుట్టివస్తారు. ఒకరు అయిదు ప్రదక్షిణలు, మరొకరు రెండు ప్రదక్షిణలు ముగించే కాలం అరవై. నేను 1964లో, క్రోధి నామ సంవత్సర మార్గశిరంలో పుట్టాను. 2024లో క్రోధి మళ్ళీ వచ్చింది.

షష్టిపూర్తి పేరుకు ఆయుష్కర్మ. ఉగ్రరథ శాంతి, హోమం, కలశాభిషేకం దానికి అంగాలు. కాని లోకంలో అది పెళ్ళి. పిల్లలూ మనుమలూ చూస్తుండగా ముసలి వరుడు ముసలి వధువుకు మళ్ళీ తాళి కట్టడమే బంధువులకు అందులోని ముచ్చట. నా భార్య ఈ ముచ్చట కోసం చాలా ఏళ్ళు ఎదురుచూసింది. పంచాంగం కొన్నప్పుడల్లా క్రోధికి ఇంకెన్నేళ్ళుందో వేళ్ళమీద లెక్కపెట్టేది. ఆ వేళ్ళు మూడు మిగిలి ఉండగా వెళ్ళిపోయింది. పీట మీద పక్కన ఎవరూ లేని వాడికి షష్టిపూర్తి ఎలా చేయాలో మా బంధువులలో ఎవరికీ తోచలేదు. ఆ మాట ఎత్తడానికే వాళ్ళు మొగమాటపడ్డారు. నాకూ అది మేలే అనిపించింది.

మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డాంలో ఉంటుంది. పుట్టినరోజుకు అక్కడికి రమ్మని, కాలువల మీద పడవలో తిప్పుతానని, మ్యూజియంలు చూపిస్తానని పిలిచింది. వీసా కాగితాలు సిద్ధం చేసుకుంటున్న రోజుల్లో వరంగల్లు మిత్రుడు ఫోను చేశాడు. "ఐరోపా ఎటూ పోదు గాని, మనం ముగ్గురం ఒకచోట కూర్చుని ఎన్నేళ్ళయిందిరా?" అన్నాడు. లెక్కవేస్తే 39 ఏళ్ళు. మూడోవాడు సూరత్‌లో ఉన్నాడు. డచ్చివారి దేశం బదులు, డచ్చివారు వెదుక్కుంటూ వచ్చిన రేవుకు ప్రయాణం ఖాయమైంది.

ఆ మూడోవాడిది నల్లగొండ జిల్లాలో నేతపని వారి ఊరు. 1983లో హైదరాబాదులో చదువుకుంటున్నప్పుడు మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. రెండేళ్ళకు వాళ్ళ నాన్న మగ్గం ఆగిపోయింది. చదువు మధ్యలో వదిలి, ఊరివాళ్ళతో కలిసి సూరత్ వెళ్ళి సాంచాల మీద పనికి కుదిరాడు. మరమగ్గాన్ని తెలంగాణలో సాంచె అంటారు. మా ముగ్గురిలో తెలివైనవాడు అతడే. ఈ మాట ఇప్పుడు అనడం తేలిక.

బందరు నుంచి బయలుదేరి విజయవాడలో నేను ఎక్కిన నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు మిత్రుడు తన ఊళ్ళో ఎక్కాడు. బల్లార్షా, వార్ధా, భుసావళ్, నందుర్బార్ మీదుగా వెళ్ళే ఈ బండి సూరత్ తెలుగువారికి ఇంటిదారి. పెట్టెలో సగం మంది తెలుగే మాట్లాడుతున్నారు. బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు, ఒడిలో పసిపిల్లలు. సొంత ఊరికి పోయి వస్తున్నారా, సొంత ఊరికి పోతున్నారా అని అడిగితే ఒక యువకుడు నవ్వి ఊరుకున్నాడు.

లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలుగు వినడానికి చెవులు రిక్కించనక్కరలేదు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా నడుస్తున్నది. పరాయి రాష్ట్రపు కూలివాడి బిడ్డకు తల్లిభాషలో ఓనమాలు దిద్దించే నగరపాలక సంస్థలు దేశంలో ఎన్ని ఉంటాయి? మిత్రుడి పిల్లలిద్దరూ ఆ బడులలో చదివినవారే. 1994లో ప్లేగు భయంతో ఊరు ఖాళీ అయినప్పుడు అతడు సంసారంతో నల్లగొండ చేరి, నెల తిరగకుండానే వెనక్కి వచ్చాడు. 2006 ఆగస్టులో ఉకాయీ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది నగరాన్ని ముంచినప్పుడు డాబా మీద నాలుగు రోజులు గడిపాడు. ఈ రెండూ అతడు మాకు చెప్పింది మూడు వాక్యాలలో. సాంచె మోతలో బతికినవాడు మాటలు పొదుపుగా వాడతాడు.

మరునాడు ఊరు చూపించాడు. 1640ల నాటి మొగలు సరాయి ఒకప్పుడు హజ్ యాత్రికుల విడిది, ఇప్పుడు నగరపాలక సంస్థ కార్యాలయం. తాపీ ఒడ్డున పదహారో శతాబ్దపు కోట. నాకు మాత్రం కాలు సాగనిది శ్మశానాల దగ్గర. బందరులో డచ్చి సమాధుల మధ్య ఆడుకుంటూ పెరిగినవాడికి అది సహజమే. ఆంగ్లేయుల వర్తకశాల బందరులో 1611లోనే వెలసింది, సూరత్‌లో జహంగీరు అనుమతితో స్థిరపడింది 1613లో అని నేను గర్వంగా చెబితే, "మరి మీ బందరు ఎందుకు సూరత్ కాలేదు?" అని వరంగల్లు మిత్రుడు అడిగాడు. దానికి చరిత్రకారులు చెప్పవలసిన జవాబు పెద్దది. నేను మాట మార్చాను.

ఆంగ్లేయుల శ్మశానంలో ఆక్సెండెన్ సోదరుల సమాధి గుమ్మటం మీద గుమ్మటంతో మొగలు పాదుషాల కట్టడంలా ఉంటుంది. 1664లో శివాజీ సూరత్ మీదికి వచ్చినప్పుడు వర్తకశాలను కాపాడిన సర్ జార్జి ఆక్సెండెన్ 1669లో ఇక్కడే మరణించాడు. డచ్చి శ్మశానంలో వాన్ రీడ్ సమాధి ఉంది. దాన్ని మించాలనే డచ్చివారు దీన్ని రెండంతస్తులుగా, స్తంభాల వరుసతో కట్టించారంటారు. చచ్చినవాళ్ళ మీద కూడా వర్తకంలో పోటీ! వాన్ రీడ్ 1691లో ఓడ ప్రయాణంలో చనిపోతే దేహాన్ని ఇక్కడికి తెచ్చారు. మలబారు గవర్నరుగా ఉన్నప్పుడు ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుడినీ, ముగ్గురు కొంకణి పండితులనూ కూర్చోబెట్టుకుని సుమారు 740 మొక్కల వివరాలు రాయించినవాడు ఇతడే. 'హోర్టుస్ మలబారికుస్' అనే ఆ గ్రంథం 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా వెలువడింది. అచ్చయినది ఆమ్‌స్టర్‌డాంలో. చివరి సంపుటాలను ఆయన చూడలేదు.

ఆక్సెండెన్ బతికినది 49 ఏళ్ళు. వాన్ రీడ్ 55. అంత పెద్ద గుమ్మటాల కింద ఉన్న ఇద్దరికీ అరవై నిండలేదు. నేను ఈ లెక్క చెప్పగానే వరంగల్లు మిత్రుడు, "అయితే మనకు గుమ్మటాలు రానట్టే" అన్నాడు. అమ్మాయికి వాన్ రీడ్ సమాధి ఫోటో పంపించాను. ఆ సంపుటాలు అచ్చయిన ఊళ్ళోనే తాను ఉన్నానన్న సంగతి ఆమెకు తెలియదు.

సాయంకాలం తాపీ ఒడ్డున పోంక్ తిన్నాం. చలికాలపు లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలు అవి. మన ఊచబియ్యమే. సూరత్‌లో వాటిని సన్నని కారప్పూసతో, నిమ్మరసంతో తింటారు. మాటల మధ్య నేను అతడి పుట్టినరోజు ఎప్పుడని అడిగాను. అన్నాళ్ళు ఒకే గదిలో ఉన్నా ఎన్నడూ అడగలేదు. "బడిలో పంతులు జులై ఒకటి రాసిండు. అవ్వ మాత్రం క్రోధిల పుట్టినవనేది. ఏ నెలో తెల్వదు" అన్నాడు.

తెల్లవారి నేను స్నానం చేసి వచ్చేసరికి మిత్రుడి భార్య దేవుడి గూడు ముందు దీపం వెలిగించి ఉంది. గూటిలో మార్కండేయుడి పటం. భావనాఋషి ద్వారా తమది మార్కండేయుడి వంశమని పద్మశాలీల విశ్వాసం. 16 ఏళ్ళే ఆయువని విధి రాసిన పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకుని యముణ్ణి వెనక్కి పంపిన కథ అందరికీ తెలిసినదే. పుట్టినరోజు నాడు అతణ్ణి తలచుకుని నువ్వులు, బెల్లం కలిపిన పాలు అరదోసెడు తాగాలన్నది ధర్మశాస్త్ర గ్రంథాలలో ఉన్న ఆచారం. అందులో హోమం లేదు, తాళి లేదు, పక్కన పీట లేదు. ఆమెకు శాస్త్రం తెలియదు. ఎవరో పురోహితుడిని అడిగి తెలుసుకుందట. నా సంగతి ఆమెకు వరంగల్లు మిత్రుడు ముందే చెప్పి ఉంచాడని నాకు అప్పుడు అర్థమైంది.

"తాగుండ్రి అన్నా" అని గ్లాసు చేతికిచ్చింది. చేతిలో రెండో గ్లాసు ఉంది. దాన్ని భర్త వైపు చాపి, "ఈయనకు దినం తెల్వది గద, మీ తోటే కానియ్యుండ్రి" అన్నది.

అతడు గ్లాసు అందుకుని నావైపు ఒకసారి చూసి, నిలబడే తాగాడు. అడుగున మిగిలిన నువ్వులను వేలితో తీసుకుని నమిలాడు. తర్వాత చొక్కా మార్చుకుని చెప్పులు వేసుకున్నాడు. అతడి పగటి పాళీ ఏడు గంటలకు మొదలవుతుంది.